ఆ పాట మరాయా కేరీది కాదండోయ్!

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే స్పీకర్లో "వితౌట్ యూ" పాట వస్తోంది. పక్కనే ఉన్న మా టీం సీనియర్ ఒకాయన "అబ్బ, మరాయా కేరీ! మేం కాలేజీలో ఉన్నప్పుడు టీవీలో ఇదే పాట తెగ వేసేవాళ్ళు" అంటూ కాసేపు పాత రోజుల్లోకి వెళ్ళిపోయారు. ఎదురుగా కూర్చున్న ఆర్కిటెక్టుగారు ఊరుకుంటారా? "అసలు పాట ఆవిడది కాదండీ, హ్యారీ నిల్సన్ అని ఒకాయన 1971లోనే పాడాడు" అని సరిదిద్దారు. (ఆర్కిటెక్టులు ఎప్పుడూ ఒక్క లేయర్ కిందికి దిగి ఆగిపోతారు కదా!)

నేను నోరు మూసుకుని టీ తాగొచ్చు. తాగలేదు. "ఇద్దరిదీ కాదండీ, బ్యాడ్‌ఫింగర్ వాళ్ళది" అన్నాను.

"ఎవరూ?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ "ఎవరూ?" నన్ను ఆ రోజంతా వదల్లేదు. వందమందికి పైగా పాడిన పాట, రెండు తరాలు కన్నీళ్ళు పెట్టుకున్న పాట. దాన్ని రాసినవాళ్ళ పేరు చెబితే ఇద్దరు సంగీత ప్రియులు "ఎవరూ" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. ప్రపంచమంతా 50 ఏళ్ళుగా అదే అంటోంది. ఎందుకలా అయిందో నాకు తెలిసినంతలో చెబుదామని ఈ టపా.

ముందే ఒక మాట. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. బ్యాడ్‌ఫింగర్ పేరు నేను విన్నది కూడా ఏ రికార్డుల షాపులోనో కాదు, ఇంజనీరింగ్ హాస్టల్లో. రూమ్మేట్ హార్డ్ డిస్కులో "బ్రేకింగ్ బ్యాడ్" ఉండేది. సెమిస్టర్ పరీక్షల ముందు చూడకూడని పనులన్నీ చూసే సంప్రదాయం ప్రకారం మొత్తం చూసేశాం. 2013లో వచ్చిన దాని ఆఖరి ఎపిసోడ్‌లో ఆఖరి సీనుకి ఒక పాట వస్తుంది, "బేబీ బ్లూ" అని. ఎవరిదా అని వెతికితే బ్యాడ్‌ఫింగర్ దొరికారు. అక్కణ్ణించి వెనక్కి వెనక్కి పోతే 1970లో వచ్చిన "నో డైస్" అనే ఆల్బమ్ దగ్గర ఆగాను. బ్యాడ్‌ఫింగర్ పేరు మీద వచ్చినవాటిలో అది రెండోది. ఇప్పటికీ అక్కడే ఉన్నాననుకోండి.

"పవర్ పాప్" అనే మాట కొత్తవాళ్ళకి కాస్త చెప్పాలి. బాణీ పాప్ సంగీతంలా తియ్యగా ఉంటుంది, వినగానే నోటికి వచ్చేస్తుంది. గిటార్లు మాత్రం రాక్ సంగీతంలా గట్టిగా మోగుతాయి. రెండు మూడు గొంతులు కలిసి పాడతాయి. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఈ మాట మొదట వాడింది 1967లో "ద హూ" బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్. అదొక తరహాగా స్థిరపడటానికి దారి వేసిన కొద్ది బృందాల్లో బ్యాడ్‌ఫింగర్ ఒకటి అని ఆ చరిత్ర రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, వెంటనే బీటిల్స్ గురించి మాట్లాడటం మొదలుపెడతారు. సమస్యంతా అక్కడే ఉంది.

స్వాన్సీ కుర్రాళ్ళు

వేల్స్‌లో స్వాన్సీ అని ఓడరేవు ఊరు. అక్కడ 1947లో పుట్టిన పీట్ హామ్ 1960ల మొదట్లో ఒక బృందం కట్టాడు. రైల్వే స్టేషన్ దగ్గరున్న ఐవీ ప్లేస్ అనే వీధి పేరు మీద తర్వాత దానికి "ది ఐవీస్" అని పేరు స్థిరపడింది. డ్రమ్స్‌కి అదే ఊరి మైక్ గిబ్బిన్స్ వచ్చాడు. 1967లో లివర్‌పూల్ కుర్రాడు టామ్ ఎవాన్స్ చేరాడు. మేనేజర్ బిల్ కాలిన్స్ అనే పెద్దాయన. అందరూ లండన్‌లో గోల్డర్స్ గ్రీన్ అనే పేటలో ఒకే ఇంట్లో మకాం. మన అమీర్‌పేట బ్యాచిలర్ రూముల్లాగే అనుకోండి, కాకపోతే కోడింగ్ కోర్సు బదులు పాటలు. ఇంట్లోనే టేపు రికార్డర్ పెట్టుకుని రాసిన పాట రాసినట్టు రికార్డు చేసుకునేవాళ్ళు.

ఆ టేపులు మాల్ ఎవాన్స్ చేతికి వెళ్ళాయి. (టామ్ ఎవాన్స్‌కీ ఈయనకీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే.) మాల్ బీటిల్స్ దగ్గర సామాన్లు మోయడం నుంచి సమస్తం చూసుకునే మనిషి. బీటిల్స్ అప్పుడే "ఆపిల్" అనే సొంత కంపెనీ పెట్టారు. (మన జేబులో ఉన్న ఆపిల్ కాదు. ఆ రెండు ఆపిల్‌ల మధ్య తర్వాత కోర్టు గొడవలు నడిచాయి, అది వేరే కథ.) మాల్ పట్టుబట్టి వినిపించగా వినిపించగా 1968 జూలైలో ఐవీస్‌ని ఆపిల్ తీసుకుంది. బీటిల్స్ కంపెనీలో ఉద్యోగం! క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో డ్రీం కంపెనీ కొట్టినంత ఆనందం.

చేరాక తెలిసింది ఆ కంపెనీ లోపల ఎలా ఉందో. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1969లో తయారైతే పశ్చిమ జర్మనీ, ఇటలీ, జపాన్‌లలో మాత్రమే విడుదల చేశారు. సొంత దేశంలోనూ లేదు, అమెరికాలోనూ లేదు. వీళ్ళలో ఒకడు ఆ సంగతి పత్రికలో వాపోతే పాల్ మెకార్ట్నీ చూశాడు. చూసి ఒక పాట ఇచ్చాడు, "కమ్ అండ్ గెట్ ఇట్". 1969 జూలై 24న బీటిల్స్ రికార్డింగ్‌కి ముందు దొరికిన గంటలోపు సమయంలో వాయిద్యాలన్నీ తనే వాయించి నమూనా చేసుకున్నాడు. ఆగస్టు 2న వీళ్ళ చేత అచ్చం అలాగే, ఒక్క అక్షరం మార్చకుండా వాయించమన్నాడు. పాట బ్రిటన్‌లో 4వ స్థానానికి, అమెరికాలో 7వ స్థానానికి వెళ్ళింది.

దాంతోపాటే పేరు కూడా మారింది. బీటిల్స్ పాట ఒకదానికి తయారీలో ఉన్నప్పుడు పెట్టుకున్న తాత్కాలిక పేరులోంచి "బ్యాడ్‌ఫింగర్" అనే మాట తీసి వీళ్ళకి అతికించారు. ఇప్పుడు లెక్క చూడండి. పేరు బీటిల్స్‌ది. కంపెనీ బీటిల్స్‌ది. హిట్టయిన మొదటి పాట బీటిల్స్‌ది. 1970 జనవరిలో ఈ పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో సగం పాత ఐవీస్ పాటలే తిప్పి పెట్టారు. జనం "బీటిల్స్ నకలు" అన్నారంటే అనరా మరి?

రెండో ఆల్బమ్

అందుకే రెండో ఆల్బమ్ ముఖ్యం. ఈసారి పాటలన్నీ సొంతం. పాత బేస్ గిటారిస్టు రాన్ గ్రిఫిత్స్ 1969 చివర్లో వెళ్ళిపోతే లివర్‌పూల్ నుంచి జోయీ మోలండ్ గిటారిస్టుగా వచ్చాడు. టామ్ ఎవాన్స్ బేస్‌కి మారాడు. ముగ్గురికి 23 ఏళ్ళు, గిబ్బిన్స్‌కి 21. నలుగురూ పాటలు రాయగలరు. ఎక్కువ పాటలు రికార్డు చేయించింది జెఫ్ ఎమెరిక్. "రివాల్వర్", "సార్జంట్ పెప్పర్" లాంటి బీటిల్స్ ఆల్బమ్‌లకి సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన మనిషి. కొన్ని పాటలకి మాల్ ఎవాన్స్ నిర్మాత. 1970 నవంబరులో విడుదల. మొత్తం 12 పాటలు.

"నో డైస్" అంటే వాడుక ఇంగ్లీషులో "కుదరదు, లాభం లేదు" అని. ఏ ముహూర్తాన పెట్టారో గానీ!

"నో మ్యాటర్ వాట్" అనే పాటతో మొదలుపెట్టండి. హామ్ రాసింది. మూడు నిమిషాలు. మొదటి గిటార్ మోతలోనే పాట మొత్తం ఎలా ఉండబోతోందో తెలిసిపోతుంది, అయినా చివరిదాకా వింటాం. ఎక్కడా ఒక్క స్వరం అదనంగా లేదు. పవర్ పాప్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నిర్వచనం చెప్పే బదులు ఈ పాట పెట్టేస్తే చాలు. సింగిల్‌గా బ్రిటన్‌లో 5, అమెరికాలో 8వ స్థానం.

కానీ ఆల్బమ్ అంటే ఈ ఒక్క పాటే కాదు. "మిడ్‌నైట్ కాలర్" మెల్లగా నడిచే పియానో పాట. "బ్లాడ్విన్" అని ఒక వేల్స్ అమ్మాయి పేరు పెట్టి రాసిన పల్లెటూరి తరహా పాట. అది లండన్ పాటా కాదు, లివర్‌పూల్ పాటా కాదు, స్వాన్సీవాడు మాత్రమే రాయగలిగింది. గిబ్బిన్స్ రాసిన "ఇట్ హ్యాడ్ టు బీ" చిన్న పాట, కానీ డ్రమ్స్ వాయించేవాడు కూడా ఇంత శ్రావ్యంగా రాస్తే ఆ బృందం గురించి మీకు ఒక అంచనా వస్తుంది. అన్నిటికన్నా చివర "వీ ఆర్ ఫర్ ద డార్క్". గిటారు మీద మెల్లగా మొదలై, వయొలిన్లు వచ్చి చేరతాయి. రాత్రి రిలీజ్ అయ్యాక ఇంటికి క్యాబ్‌లో వెళ్తూ వినండి. నేను అలాగే విన్నాను.

అన్నీ గొప్పవే అనను. "వాట్‌ఫర్డ్ జాన్" స్టూడియోలో సరదాగా వాయించుకున్నది, లేకపోయినా లోటు లేదు. మోలండ్ తన పాటకి "లవ్ మీ డూ" అని పేరు పెట్టాడు. బీటిల్స్ మొదటి సింగిల్ పేరు అదే! పాటకీ ఆ పాటకీ సంబంధం లేదు గానీ, నకలు అని అందరూ తిడుతున్నప్పుడు ఆ పేరే పెట్టడమేమిటో! పొగరో, హాస్యమో, రెండూనో.

రెండు సగాలు

ఇక అసలు పాట. హామ్ దగ్గర ఒక పాట ఉంది. చరణం బాగా కుదిరింది, పల్లవి కుదరలేదు. ఎవాన్స్ దగ్గర ఇంకో పాట ఉంది. తనని వదిలి వెళ్ళిన ప్రియురాలి గురించి రాసుకున్నాడు. పల్లవి బ్రహ్మాండంగా వచ్చింది, చరణం తేలిపోయింది. ఇద్దరూ రెండు సగాలూ కలిపి అతికించారు. చరణం హామ్ పాడాడు, పల్లవి ఎవాన్స్ పాడాడు. "వితౌట్ యూ" అలా పుట్టింది. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు స్నేహితుల సగం సగం పని కలిస్తే ఇలాంటిది వస్తుందని వాళ్ళూ అనుకుని ఉండరు.

వాళ్ళ రికార్డింగ్ విని చూడండి. మరాయా కేరీ పాటకి అలవాటు పడ్డ చెవికి మొదట చప్పగా అనిపిస్తుంది. ఏడుపు లేదు, ఆకాశానికి ఎత్తే గొంతు లేదు. ఆర్గన్, గిటార్లు, అలసిపోయినట్టున్న రెండు గొంతులు. పల్లవి వచ్చినప్పుడు కూడా పాట పగలదు, బిగబట్టుకుని ఉంటుంది. బాధలో ఉన్న మనిషి నలుగురి ముందు మాట్లాడే తీరు అది. నాకైతే మూడింటిలో ఇదే నిజంగా అనిపిస్తుంది. కాదనేవాళ్ళతో పేచీ లేదు.

ఈ పాటని ఆల్బమ్ మొదటి వైపు చివర పెట్టారు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సింగిల్‌గా విడుదల చెయ్యలేదు. రాసినవాళ్ళకి కూడా అది ఆల్బమ్‌లో పన్నెండింటిలో ఒకటి, అంతే.

ఎందుకు పట్టించుకోలేదు

ఆల్బమ్ ఫ్లాప్ అనడానికి లేదు. అమెరికాలో 28వ స్థానం దాకా వెళ్ళింది. కానీ పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు. నాకు తోచిన కారణాలు ఇవి.

ఒకటి, సమయం. 1970 ఏప్రిల్‌లో బీటిల్స్ విడిపోయారన్న వార్త బయటికొచ్చింది. డిసెంబరు 31న మెకార్ట్నీ మిగతా ముగ్గురి మీద కోర్టుకి వెళ్ళాడు. జనం కొత్త బీటిల్స్ కోసం వెతుకుతున్నారు, కంపెనీయేమో కోర్టు కాగితాల్లో మునిగి ఉంది. పైగా అదే నవంబరులో అదే కంపెనీ నుంచి జార్జ్ హారిసన్ మూడు రికార్డుల "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" వచ్చింది. ఏనుగు పక్కన నిలబడ్డ గుర్రాన్ని ఎవరు చూస్తారు? ఇందులో చిత్రం ఏమిటంటే ఆ హారిసన్ ఆల్బమ్‌లో కూడా గిటార్లు వాయించింది వీళ్ళే! తర్వాతి ఏడాది లెనన్ "ఇమాజిన్"లో మోలండ్, ఎవాన్స్ వాయించారు. 1971 ఆగస్టు 1న మన రవిశంకర్ గారు అడిగితే హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశాడు కదా, అక్కడా వీళ్ళే వెనక వరసలో గిటార్లు పట్టుకుని ఉన్నారు. ఒక్క పాటకి మాత్రం హారిసన్ పక్కన పీట్ హామ్ ముందుకొచ్చి వాయించాడు. వీడియో దొరికితే చూడండి, ఇద్దరూ, రెండు గిటార్లు, అంతే.

రెండు, వినేవాళ్ళ చెవులు. ఈ ఆల్బమ్‌ని మెచ్చుకున్నవాళ్ళు కూడా "అచ్చం బీటిల్స్ లాగే ఉంది" అని మెచ్చుకున్నారు. అది పొగడ్తా, శాపమా? మన దగ్గర కొత్త గాయకుణ్ణి "అచ్చం ఘంటసాలే" అంటే అతని పని అక్కడితో ముగిసినట్టే. ఆ తర్వాత అతని గొంతు ఎవరూ వినరు, ఘంటసాలతో పోల్చుకుంటూ కూర్చుంటారు.

దీనికి పరాకాష్ట హ్యారీ నిల్సన్ కథ. అమెరికాలో ఒక పార్టీలో ఆయన "వితౌట్ యూ" విన్నాడు. ఇది బీటిల్స్ పాటే అనుకున్నాడు. తర్వాత వెతికితే బీటిల్స్ రికార్డుల్లో ఎక్కడా లేదు, అప్పుడు తెలిసింది ఎవరిదో. నిర్మాత రిచర్డ్ పెర్రీతో కలిసి పాడాడు. పియానోతో మొదలుపెట్టి, వయొలిన్లు చేర్చి, పల్లవిలో గొంతు పైకెత్తి వదిలాడు. 1972లో అమెరికాలో నాలుగు వారాలు, బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానం. గ్రామీ కూడా వచ్చింది. 1994 జనవరి 15న నిల్సన్ చనిపోయాడు, తర్వాత కొద్దిరోజులకే మరాయా కేరీ పాడినది అమెరికాలో విడుదలైంది. బ్రిటన్‌లో అదీ మొదటి స్థానానికి వెళ్ళింది. నిల్సన్ పాట దొంగిలించలేదు, రాసినవాళ్ళ పేర్లు వేశాడు. 1973లో బ్రిటన్‌లో పాటల రచయితలకిచ్చే ఐవర్ నోవెల్లో అవార్డు హామ్, ఎవాన్స్‌లకి వచ్చింది కూడా. కానీ రికార్డు వెనక చిన్న అక్షరాల్లో బ్రాకెట్లో ఉన్న పేర్లు ఎవరు చదువుతారు? మనం రోజూ వాడే లైబ్రరీ ఎవరు రాశారో ఎప్పుడైనా చూశామా?

అదే నవంబరు, ఇంకో కాగితం

ఇప్పటిదాకా చెప్పింది పేరు పోయిన కథ. ఇకపైది అంతకన్నా పెద్దది.

ఆల్బమ్ వచ్చిన ఆ 1970 నవంబరులోనే వీళ్ళు న్యూయార్క్ వ్యాపారి స్టాన్ పోలీతో వ్యాపార నిర్వహణ ఒప్పందం మీద సంతకం పెట్టారు. బృందం సంపాదన అంతా ఒక కార్పొరేషన్‌లోకి వెళ్తుంది, దాని పగ్గాలు పోలీ చేతిలో, వీళ్ళకి జీతాలు. వినడానికి ఎంత పద్ధతిగా ఉందో చూడండి. పాటలు మీరు రాసుకోండి, లెక్కలు మేం చూసుకుంటాం అన్నమాట.

1970 డిసెంబరు నుంచి 1971 అక్టోబరు దాకా పోలీ అకౌంటెంట్లే వేసిన లెక్క ఒకటి తర్వాత బయటపడింది. అందులో మోలండ్‌కి జీతం, అడ్వాన్సుల కింద ఇచ్చింది 8,339 డాలర్లు. మేనేజ్‌మెంట్ కమిషన్ 75,744 డాలర్లు. సి.టి.సి.కీ చేతికొచ్చేదానికీ తేడా గురించి రోజూ ఏడ్చే మనం ఈ రెండు అంకెల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి. ఆ సంవత్సరమే "డే ఆఫ్టర్ డే" వచ్చింది, అమెరికాలో 4వ స్థానానికి ఎక్కింది.

తర్వాత పోలీ వార్నర్ బ్రదర్స్‌తో ఒప్పందం కుదిర్చాడు. లక్షల డాలర్ల మాట. ఆ సొమ్ములో కొంత ఒక రక్షిత ఖాతాలో ఉండాలి. అది ఎక్కడుందో చెప్పమని వార్నర్ వాళ్ళు అడిగితే సమాధానం లేదు. 1974 డిసెంబరులో కోర్టుకి వెళ్ళారు. అప్పుడే విడుదలై మంచి పేరు తెచ్చుకుంటున్న "విష్ యూ వర్ హియర్" ఆల్బమ్‌ని 1975 మొదట్లో షాపుల్లోంచి వెనక్కి తీసేసుకున్నారు. ఈలోగా హడావుడిగా రికార్డు చేసిన ఇంకో ఆల్బమ్‌ని వార్నర్ తీసుకోలేదు. అది బయటికొచ్చింది 2000లో! కోర్టులో ఉన్న బృందంతో కొత్త ఒప్పందానికి ఎవరూ ముందుకు రాలేదు. జీతాలు ఆగిపోయాయి. హామ్ అప్పుడే ఇల్లు కొనుక్కున్నాడు, ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది.

1975 ఏప్రిల్ 24న పీట్ హామ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇంకో మూడు రోజుల్లో 28 నిండేవి. కూతురు పుట్టింది ఆ తర్వాత నెలలో. నేను ఇప్పుడు అదే వయసు దగ్గర ఉన్నాను, అందుకేనేమో ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

అక్కడితోనూ అయిపోలేదు. "వితౌట్ యూ" డబ్బులు ఎవరెవరికి ఎంత అన్న తగువు ఏళ్ళ తరబడి సాగింది. 1983 నవంబరు 18 రాత్రి ఎవాన్స్‌కీ మోలండ్‌కీ ఫోన్‌లో దాని మీదే పెద్ద గొడవ. మర్నాడు ఎవాన్స్ కూడా హామ్ దారినే వెళ్ళిపోయాడు. రెండు సగాలు కలిపి ఆ పాట చేసిన ఇద్దరూ అలా పోయారు. ఆపిల్ కాలపు రాయల్టీల చిక్కు 1985లో విడి, డబ్బు రావడం మొదలైంది. పోలీ మీద మరో వ్యవహారంలో కాలిఫోర్నియాలో సొమ్ము కాజేసిన కేసు నడిచి, 1991లో ఆయన అభియోగాలతో పోరాడనని కోర్టుకి చెప్పాడు. 2009లో చనిపోయాడు.

చదవకుండా సంతకం

ఈ కథ చెబితే చాలామంది అనే మొదటి మాట, "చదవకుండా సంతకం పెడితే అంతే మరి". నేను ఒప్పుకోను. మొదటి ఉద్యోగంలో చేరిన రోజు హెచ్.ఆర్. వాళ్ళు ఒక కాగితాల కట్ట ఇచ్చి, పసుపు చీటీలు అంటించిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. పక్కన యాభైమంది పెడుతున్నారు. నేనూ పెట్టాను. అందులో ఏముందో నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత మానేద్దామనుకున్నప్పుడు. ఆ రోజు నేను తెలివితక్కువవాణ్ణి కాదు. సంతోషంగా ఉన్నాను, అంతే. సంతోషంగా ఉన్న మనిషి ఎదుటివాణ్ణి అనుమానించడు. 1970 నవంబరులో ఈ నలుగురికీ హిట్ పాట ఉంది, కొత్త ఆల్బమ్ ఉంది, అమెరికా ప్రయాణం ఉంది. ఆ సంతోషంలో పెట్టిన సంతకం తర్వాత కష్టంలోనూ అలాగే పనిచేసింది.

నాకు కనిపించే తప్పు వేరే ఉంది. చుట్టూ ఇంతమంది ఉన్నారు. ప్రపంచంలోకెల్లా పేరున్న కంపెనీ, మేనేజరు, వ్యాపార మేనేజరు, లాయర్లు, పాట హిట్టయి లాభపడ్డవాళ్ళు. వీళ్ళలో ఒక్కరికి కూడా "పాట రాసినవాడికి నెలాఖరున చేతికి ఎంత వస్తోంది" అని చూడటం తన పని అనిపించలేదు. పని చేసేవాళ్ళకీ దాని విలువ కట్టేవాళ్ళకీ మధ్య ఎన్ని అంచెలుంటే అంత తేలిగ్గా సొమ్ము ఆవిరైపోతుంది. ఇది సంగీతానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నా మీద నేను వేసుకుంటున్న నింద. ఈ విషాదం ఇప్పుడు బ్యాడ్‌ఫింగర్ మీద పడ్డ ఇంకో నీడ అయిపోయింది. మొదట బీటిల్స్ నీడ, తర్వాత నిల్సన్ నీడ, ఇప్పుడు చావుల నీడ. వీళ్ళ గురించి ఎవరు రాసినా (నాతో సహా) సగం టపా కోర్టులు, చావులే. ఆ రోజు క్యాంటీన్‌లో నేను కూడా పాట గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఈ కథే చెప్పాను. ఇద్దరూ "అయ్యో పాపం" అన్నారు. పాట వింటామని మాత్రం అనలేదు. అప్పుడనిపించింది, "ఎవరూ?" నుంచి "అయ్యో పాపం" దాకా వచ్చాం గానీ వాళ్ళ పని దగ్గరికి ఇంకా రాలేదని.

"నో డైస్"లో ఆ విషాదం లేదు. అందులో ఉన్నది 23 ఏళ్ళ వయసులో మొదటిసారి తమ పాటలు తాము పాడుకుంటున్న కుర్రాళ్ళ హుషారు. పాట పాటకీ మారే గొంతులు, ఒకరి పాటలో ఇంకొకరు వెనక నుంచి కలిపే శ్రుతి. తర్వాత ఏం జరగబోతోందో వాళ్ళకి తెలీదు, మనకి తెలుసు. వినేటప్పుడు ఆ తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టగలిగితే అదే వాళ్ళకి మనం చేయగల న్యాయం అని నాకనిపిస్తుంది.

2013 ఏప్రిల్ 27న, బతికుంటే పీట్ హామ్‌కి 66 నిండే రోజున, స్వాన్సీ స్టేషన్ దగ్గర ఐవీ ప్లేస్‌లో ఆయన పేరుతో నీలం ఫలకం పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో "బేబీ బ్లూ" టీవీలో వచ్చి నాలాంటి వాళ్ళ చెవిన పడింది. గిబ్బిన్స్ 2005లో పోయాడు. ఆఖరుగా మిగిలిన మోలండ్ 2025 మార్చి 1న పోయాడు. ఆ ఆల్బమ్ చేసిన నలుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరి వాటా ఎంత అని కొట్టుకోవడానికి కూడా లేరు. ఆ 12 పాటలు ఉన్నాయి.

నా మాట విని ఒక పని చెయ్యండి. ఈ వారాంతంలో ఒక నలభై నిమిషాలు ఖాళీ చేసుకుని మొదటి పాట నుంచి చివరిదాకా వరసగా వినండి. "వితౌట్ యూ" దగ్గరికి దూకెయ్యకండి, అది తన వంతు వచ్చినప్పుడు వస్తుంది. విన్నాక నచ్చకపోతే నన్ను తిట్టండి, పరవాలేదు. నచ్చితే మాత్రం ఈసారి క్యాంటీన్‌లో ఎవరైనా "మరాయా కేరీ పాట" అన్నప్పుడు మీరు కూడా నోరు మూసుకోకండి. చావు కథ చెప్పకండి. పీట్ హామ్, టామ్ ఎవాన్స్ అని రెండు పేర్లు చెప్పి, పాట పెట్టండి.